క్షమించానన్న మాట

కాంతమణి టీచరు లాలాగూడ మిషను బడిలో లెక్కలు చెప్పేది, ఆదివారం గుడిలో పాటల బృందంతో కలిసి పాడేది. ఆమె మొగుడు యేసురాజు రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. పెళ్ళయిన కొన్నేళ్ళకే కాప్రాలో ఇంకొకామెతో ఇల్లు పెట్టి అక్కడే ఉండిపోయాడు. సంగతి కాలనీ అంతా ఎరిగినదే. కోర్టుకొచ్చి చెప్పమంటే మాత్రం ఒక్కరికీ నోరు పెగల్లేదు.

ఏళ్ళ తరబడి ఊరుకున్న మనిషి విడాకులు కావాలనుకోవడానికి కారణం ఆర్థర్. గుడిలో హార్మోనియం వాయించే ఆర్థర్ భార్యను పోగొట్టుకున్నవాడు, తిరుమలగిరిలో గుమాస్తా. చేసుకుంటే కాంతమణినే చేసుకుంటానన్నాడు. దాచడమెందుకు, ఆమెకూ ఇష్టమే. కానీ గుడిలో వాళ్ళ పెళ్ళి ప్రకటన చదవాలంటే ముందు కోర్టు తీర్పు ఉండాలి.

ప్లీడరు రామభద్రరావు భీమవరం నుంచి వచ్చి సికింద్రాబాద్‌లో స్థిరపడ్డవాడు. చూసేవన్నీ హిందువుల కేసులే. కాంతమణి కోసం క్రైస్తవుల విడాకుల చట్టం దుమ్ము దులిపి చదివాడు. తెల్లవాళ్ళు రాసిపెట్టిపోయిన ఆ చట్టమే 1985లోనూ నడుస్తోంది. భార్య దారి తప్పితే మగవాడికి ఆ ఒక్క కారణం చాలు. ఆడదానికి అది చాలదు. మొగుడు హింసించాడనో, రెండేళ్ళపాటు వదిలేసి పోయాడనో కూడా చూపించాలి. కింది కోర్టు సరేనన్నా, హైకోర్టు ఖాయం చేసేదాకా ఆ పెళ్ళి పెళ్ళే.

"ఆయనకి ఒకటి చాలు, నాకు రెండు కావాలా అండీ?" అని అడిగింది కాంతమణి.

"చట్టం అంతేనమ్మా. మీ అదృష్టం కొద్దీ మీకు రెండూ ఉన్నాయి," అన్నాడాయన.

ఆ అదృష్టానికి నవ్వాలో ఏడవాలో ఆమెకు తెలియలేదు. కేసు వేశారు. కాప్రాలో యేసురాజు అద్దెకున్న ఇంటి యజమానురాలు వీరరాఘవమ్మ సాక్ష్యం చెబుతానంది. వాయిదాలు పడుతూనే ఉన్నా, కాంతమణికి మొదటిసారి ధైర్యం వచ్చింది.

సరిగ్గా అప్పుడే యేసురాజుకు కామెర్లొచ్చాయి. కాప్రాలో అతనితో ఉంటున్న ఆవిడ బయటికి పొమ్మంది. అతను పాస్టరు యెషయాగారి కాళ్ళ మీద పడి ఏడ్చాడు. యెషయాగారు మంచివాడు, వచ్చిన చిక్కల్లా అదే. మనసులో పగ పెట్టుకుని ప్రభువు బల్ల దగ్గరికి రాకూడదమ్మా అని కాంతమణికి నచ్చజెప్పాడు. చిన్నప్పటినుంచీ ఆ బల్ల దగ్గర ఇచ్చే రొట్టె, ద్రాక్షరసం ఏనాడూ మానని మనిషి ఆమె. ఈస్టరునాడు సంఘం ముందు లేచి "క్షమించాను" అంది. మనస్ఫూర్తిగానే అంది. యెషయాగారు సంతోషం పట్టలేక యేసురాజునీ, అతని ట్రంకుపెట్టెనీ తనే రిక్షాలో ఆమె ఇంట్లో దిగబెట్టి వచ్చాడు.

ఈ సంగతి ఆమె ప్లీడరుకు చెప్పలేదు. క్షమించడం దేవుడి పని, విడాకులు కోర్టు పని, ఒకదానికొకటి అడ్డొస్తుందని ఎవరనుకుంటారు? ఒళ్ళు బాగుపడగానే పంపించేస్తానని ఆర్థర్‌కు మాత్రం చెప్పింది. మొగుడికి పథ్యం వండిపెట్టి, తను వంటింట్లో చాప వేసుకుని పడుకునేది. కోలుకున్నాక ఒక సాయంత్రం యేసురాజు చొక్కా తొడుక్కుని, "జెర పనుంది, పోయొస్తా," అని వెళ్ళి మళ్ళీ కాప్రాలో తేలాడు.

అతనికి విడాకులు అక్కర్లేదు. రెండిళ్ళలోనూ కంచం పెట్టించుకోగలిగిన మగవాడికి అవెందుకు? అతని తరఫు ప్లీడరు యెషయాగారిని సాక్ష్యానికి పిలిపించాడు. బైబిలు మీద చెయ్యి పెట్టి ఆయన ఉన్నదే చెప్పాడు. "మా కాంతమణి క్షమించిందయ్యా. సంఘమంతా ఆమేన్ అన్నాం. నేనే ఇంటికి చేర్చాను. కాపురం చక్కబడింది." ఆ మాటలు ఆమెకు మేలు చేస్తాయనే అనుకున్నాడు పాపం. వంటింటి చాప సంగతి కాంతమణి చెప్పింది గానీ, పాస్టరుగారి మాట ముందు అది నిలవలేదు. క్షమించి ఇంట్లో పెట్టుకుంది కాబట్టి పాత తప్పు మాఫీ అయినట్టేనని జడ్జి కేసు కొట్టేశాడు.

"ముందు నాతో ఒక్క మాట అనాల్సిందమ్మా," అన్నాడు బయటికొచ్చాక రామభద్రరావు.

"గుడిలో అనే మాట ప్లీడరుగారిని అడిగి అంటామా అండీ?"

మళ్ళీ కేసు వేయొచ్చన్నాడాయన. కాకపోతే యేసురాజు ఈసారి వెళ్ళిన రోజునుంచి రెండేళ్ళు ఆగాలి, సాక్షులను మళ్ళీ వెతుక్కోవాలి. వీరరాఘవమ్మేమో ఇంకోసారి కోర్టు మెట్లెక్కేది లేదని తెగేసి చెప్పింది.

ఆర్థర్ కొంతకాలం ఎదురు చూశాడు. తర్వాత ఒకరోజు వచ్చి, ఇక ఆగలేనని చెప్పలేక చెప్పాడు. కాంతమణి అతనికి టీ ఇచ్చి పంపింది. తప్పు అతనిదని ఆమె ఎన్నడూ అనలేదు. తలుపేసుకుని మాత్రం కరువుతీరా ఏడ్చింది.

ఆ నెలలోనే ఒక ఆదివారం యెషయాగారు ఆర్థర్‌కూ, ఆలిస్ అనే నర్సుకూ పెళ్ళి ప్రకటన చదివాడు. వీరి వివాహానికి చట్టరీత్యా ఏదైనా అడ్డు ఉందని తెలిసినవారు ఇప్పుడే చెప్పాలని, అలవాటు ప్రకారం ఒక్క క్షణం ఆగాడు. ఆ అడ్డుల సంగతి గుడి మొత్తంలో కాంతమణికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఆర్థర్‌కు ఏ అడ్డూ లేదు.

తర్వాతి కీర్తనకు ఆర్థర్ హార్మోనియం మీద శ్రుతి పట్టాడు. ఆమె అందరితోపాటు లేచి నిలబడింది గానీ, పాడలేకపోయింది.