గోడకు అంటించిన నా నియమాలు

2011 జూన్‌లో నన్ను చీఫ్ లోకో ఇన్‌స్పెక్టర్‌గా రాయ్‌పూర్‌కు వేశారు. రైలింజన్ నడిపే లోకో పైలట్లను కొందరి చొప్పున ఒక్కో ఇన్‌స్పెక్టర్‌కు అప్పగిస్తారు. వాళ్లతో ఇంజన్‌లో ప్రయాణించి పనితీరు చూడాలి, ఇళ్లకు వెళ్లి విశ్రాంతి సరిగా దొరుకుతోందో లేదో ఫారంలో రాయాలి. నిద్ర చాలని పైలట్ ఎర్ర సిగ్నల్ దాటేస్తాడు. మా శాఖలో అంతకు మించిన తప్పు లేదు. అందుకే కుటుంబాలను మీటింగులకు పిలిచి నేనే గట్టిగా చెప్పేవాణ్ణి: రెస్ట్‌లో లేపకండి, డ్యూటీకి బయల్దేరే ముందు ఇంటి గొడవలు చెప్పకండి అని. ఆ నియమాలు అచ్చు వేయించి ఇంటికొక కాగితం పంచాను కూడా.

నాకు అప్పగించిన వాళ్లలో శ్రీకాకుళం వైపు అప్పలరాజు ఒకడు. ఊరి శివార్లలోని సిల్తారా ఫ్యాక్టరీల గూడ్సులు నడిపేవాడు, ఊళ్లో గుఢియారీ పేటలో అద్దెకు ఉండేవాడు. మొదటిసారి ఆ ఇంటికి వెళ్లినప్పుడు ముచ్చటేసింది. కిటికీలకు దుప్పట్లు, కుక్కర్ కూత వినబడకుండా వంట పెరట్లో, గోడకు నా కాగితం. భార్య కామేశ్వరి, కూతురు స్వాతి గుసగుసగానే మాట్లాడుకున్నారు. ఫారంలో ‘అత్యుత్తమం’ అని రాసి, మిగతా పైలట్లకు ఆ ఇంటినే ఉదాహరణగా చెప్పాను.

నవంబరులో ఒక పనిరోజు ఉదయం పదకొండు గంటలకు మళ్లీ వెళ్తే స్వాతి తలుపు తీసింది. పదకొండో తరగతి పిల్ల బడివేళ ఇంట్లో ఎందుకుందని అడిగాను. తల్లి కళ్లొత్తుకుంటూ చెప్పింది. లెక్కలు అంతుపట్టక పిల్ల కామర్స్‌కు మారాలనుకుంది. దరఖాస్తు మీద తండ్రి సంతకం కావాలి. ఆ కాగితం పిల్ల బ్యాగులోనే ఉండగా గడువు దాటిపోయింది. దసరా నుంచి బడి మానేసింది. తండ్రికి ఇదేమీ తెలియదు.

"ఎలగ చెప్తామండి? వచ్చి తొంగుంటారు. లేచీసరికి డూటీ ఫోను వచ్చెస్తాది," అంది కామేశ్వరి.

నాకు ఒళ్లు మండిపోయింది. డ్యూటీ ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు తప్పకుండా సంతకం పెట్టే మనిషికి కూతురి కాగితం మీద పెట్టే తీరిక లేదా! తిన్నగా గదిలోకి వెళ్లి, పడుకున్న అప్పలరాజును తట్టి లేపాను. రెస్ట్‌లో ఉన్న పైలట్‌ను నిద్ర లేపడం నా ఉద్యోగంలో అదే మొదటిసారి.

సంగతి విని అప్పలరాజు కూతురి మీదికి వెళ్లాడు. "ఏటే, నాకొక్క ముక్క చెప్పలేకపోనావా?" అని చెయ్యెత్తాడు. ఆ చెయ్యి పట్టుకుని నేనూ అరిచాను, ఇంట్లో ఉన్న పిల్ల బడికి పోవడం లేదని నీకు కనబడలేదా అని.

స్వాతి ఏడవలేదు. గోడ మీది కాగితం పీకి నా చేతిలో పెట్టింది.

"అంకుల్‌జీ, ఇది మీరే ఇచ్చారు కదా. రెస్ట్‌లో చెప్పొద్దు, డ్యూటీకి ముందు చెప్పొద్దు. మరి పాపాకి ఎప్పుడు చెప్పాలి? ఆప్ హీ బోలియే, మీరే చెప్పండి."

అంతవరకు అప్పలరాజు మీదున్న కోపం నా మీదికి తిరిగింది. ఇప్పటికీ పోలేదు.

లాబీకి, అంటే పైలట్లకు డ్యూటీలు వేసే ఆఫీసుకు, ఫోన్ చేశాను. అతని విశ్రాంతి చెడిందని, చెడగొట్టింది నేనేనని చెప్పి ఆ రోజు డ్యూటీ తప్పించాను. తండ్రీకూతుళ్లతో కలిసి బడికి వెళ్లాను. ప్రిన్సిపాల్ గడువు తేదీ చూపించి కుదరదన్నారు. స్వాతికి ఆ ఏడాది పోయింది. మరుసటి జూన్‌లో కామర్స్ తీసుకుని మళ్లీ పదకొండులోనే చేరింది.

పైలట్ పిల్లలతో ఎప్పుడు మాట్లాడతాడు అనే గడి ఫారంలో చేర్చమని పై అధికారికి రాశాను. భద్రతకు సంబంధం లేని విషయమని కొట్టేశారు. ఇంతింత సంగతులు దాచిపెట్టే ఇంటి నుంచి డ్యూటీకి వచ్చేవాడికి ఏం భద్రతో ఆయనే చెప్పాలి. రిటైరయ్యేదాకా నాన్న ఎప్పుడు మాట్లాడతాడని పిల్లల్నే అడిగి, జవాబు ఫారం మార్జిన్‌లో రాసేవాణ్ణి. చప్పుడు చెయ్యొద్దని చెప్పేవాడు ఎప్పుడు మాట్లాడాలో కూడా చెప్పాలి. చెప్పకపోతే పిల్లలు మొదటి మాటే పాటిస్తారు. ‘అత్యుత్తమం’ అని మాత్రం మళ్లీ ఏ ఇంటికీ రాయలేదు.