సొంత వాక్యం కలపవద్దన్న డోనల్ సారు

డోనల్ సారు ఇక లేరు. ఐర్లండ్ నుంచి ఆయన చెల్లెలు పంపిన ఫ్యాక్స్ కాగితం పోయిన శనివారం పొద్దున ఒమాన్‌లోని మా ఖబూరా సైట్ ఆఫీసులో నా చేతికే వచ్చింది. సెలవు మీద ఇంటికి వెళ్లిన మనిషి గుండె ఆగి నిద్రలోనే పోయారట. అంతకు పది రోజుల కిందే నాతో చేయి కలిపి ‘నెల తిరక్కుండా వస్తా’ అన్న మనిషి! టైమ్‌కీపర్ని కదా, హాజరు పుస్తకం తెరిచాను. ఆయన పేరు ఎదుట ఏం రాయాలో తోచక ఆ గడి ఖాళీగానే వదిలేశాను.

మా రోడ్డు పనికి ఆయన సర్వే ఇంజనీరు. తెల్లతోలు కనబడితే చాలు ఇంగ్లిషోడనే అలవాటు మాది. మొదటి రోజు నేనూ ఆయన్ని అలాగే పిలిచి చీవాట్లు తిన్నాను. ఆయన దేశపు ఉత్తర భాగం ఇంగ్లండు ఏలుబడిలో ఉందనీ, దాన్ని విడిపించి ఒకే గణతంత్రం చేయాలని పోరాడే పక్షంలో ఆయన యవ్వనమంతా గడిచిందనీ అప్పుడే తెలిసింది. సొంత పట్టణంలో కౌన్సిలరుగా గెలిచారు. ఎనభైల చివర్లో, ఇంకా తుపాకులు మోగుతుండగానే, ‘అవతలివాళ్లతో కూర్చుని మాట్లాడక తప్పదు’ అని నిండు సభలో అన్నారు. సొంతవాళ్లే ద్రోహి అన్నారు. పదవి వదిలి ఒమాన్ చేరారు. అవమానం భరించలేకే వచ్చారని మేమంతా అనుకున్నాం.

తర్వాత కొన్నేళ్లకు, ఆయన పక్షంవాళ్లే చర్చలకు కూర్చోబోతున్నారని రేడియోలో వార్త వచ్చింది. ‘చివరికి మీరే గెలిచారు సార్’ అన్నాను సంబరంగా. ఆయన రేడియో కట్టేశారు. ‘నేను ఆ మాట అన్న నాటికీ ఈనాటికీ మధ్య పోయినవాళ్ల ఇళ్లలో ఈ మాట అనగలవా?’ అన్నారు. ఆ గొంతులో కోపం లేదు, అలసట. టీ కప్పు కడుక్కుని మళ్లీ ఎండలోకి వెళ్లిపోయారు.

ఆయన మహత్తు నాకు బోధపడింది మాత్రం రెండేళ్ల కిందటి రంజాన్ నెలలో. పగటిపూట బయట తినకూడదన్నది ఈ దేశపు చట్టం. మా జగిత్యాల రాజయ్య ఆకలికి ఓర్వలేక మెస్ బయట నీళ్ల ట్యాంకర్ నీడన టిఫిన్ డబ్బా విప్పాడు. మెస్‌లో వంట చేసే కడప మస్తాన్ రోజా ఉపవాసం ఉన్నాడు. మాటా మాటా పెరిగి మస్తాన్ చేతిలోని గరిటె రాజయ్య కనుబొమ్మను చీల్చింది. సంగతి పోలీసుల దాకా పోతే ఇద్దరికీ వీసా రద్దే, ఇద్దరూ ఇంటికే.

‘నాకు రెండు రోజులు గడువివ్వండి’ అని డోనల్ సారు క్యాంప్ బాస్‌ను బతిమాలుకున్నారు. వాళ్లిద్దరూ ఎదురుబడరు గనుక ఆయన మాటలు మోస్తూ రెండు రూముల మధ్య తిరిగింది నేను.

‘వాడు మాఫీ అడగకుంట వాని చేతి బువ్వ నేను తింటనా? తినేది లేదు!’ అంటాడు రాజయ్య.

‘రోజా ఉన్నోళ్ల ముందర కూర్చోని తినేది ఆయన, మాఫీ అడగాల్సింది నేనా? బాగుందే న్యాయం!’ అంటాడు మస్తాన్.

రెండో సాయంత్రానికి నా కాళ్లూ, ఓపికా రెండూ అయిపోయాయి. అప్పుడు నేనో ఘనకార్యం చేశాను. మస్తాన్ మాఫీ అడిగాడని రాజయ్యతోనూ, రాజయ్య తప్పయిందన్నాడని మస్తాన్‌తోనూ చెప్పాను. ఇద్దరూ అనలేదు. ఇద్దరూ నమ్మారు. మెస్ మధ్యలో అలాయ్ బలాయ్ తీసుకుంటే క్యాంపంతా చప్పట్లు కొట్టింది.

నా తెలివికి నేనే మురిసిపోతూ ఆ ముచ్చట సారుకు చెప్పాను. ఆయన నవ్వలేదు. ‘నేనూ ఇదే చేశాను’ అన్నారు. కౌన్సిలరుగా ఉన్నప్పుడు ఆయన రెండు పక్షాల మధ్య రహస్యంగా మాటలు మోశారట. అవతలివాళ్లు అనని మెత్తని వాక్యం ఒకటి తనంతట తాను కలిపారట. అది నమ్మి తన పక్షం మనిషొకడు ఆయుధం లేకుండా అవతలివాళ్లు రమ్మన్న ఇంటికి వెళ్లాడు, తిరిగి రాలేదు. ‘ద్రోహి అన్నందుకు రాలేదయ్యా ఇక్కడికి. సంధి మాటలు మోసేవాడు తపాలావాడు. ఉత్తరంలో సొంత వాక్యం రాయకూడదు.’

‘అయితే ఇప్పుడు నిజం చెప్పేయమంటారా?’ అన్నాను భయంగా.

‘నేను ఆజ్ఞాపించను. నీ అంతరాత్మ మీద నాకు అధికారం లేదు. కానీ అది దానంతటది బయటపడే రోజు చెడ్డ రోజవుతుంది. నువ్వే ఒక మంచి రోజు చూసుకో.’

రెండేళ్లు నాకు మంచి రోజు దొరకలేదు. పోగొట్టుకోవడానికి ఇద్దరు స్నేహితులుంటే ఎవరికి దొరుకుతుంది! సారు అప్పుడప్పుడు ‘చెప్పావా?’ అనేవారు. ‘రేపు సార్’ అనేవాణ్ణి. మొన్న విమానాశ్రయానికి బండి ఎక్కుతూ కూడా అడిగారు. అప్పుడూ అదే మాట అన్నాను. ఛీ, ఎంత సిగ్గుమాలిన జవాబు!

నిన్న శుక్రవారం మెస్‌లో సంతాప సభ పెట్టుకున్నాం. నన్ను మాట్లాడమన్నారు. స్తుతివాక్యాలు నాలుగు రాసుకుని వెళ్లాను, కాగితం విప్పబుద్ధి కాలేదు. జరిగినదంతా ఉన్నదున్నట్టు చెప్పాను.

రాజయ్య ముఖం మాడిపోయింది. ‘రెండేండ్ల సంది ఉత్త మాట నమ్ముకొని తింటున్ననా?’ అని లేచి తలుపు దాకా పోయాడు.

‘రాజన్నా, నిలబడు’ అన్నాడు మస్తాన్. ‘అబ్బుడు నేను అడగలేదు. నిజమే. ఇబ్బుడు అడుగుతాండా.’

రాజయ్య తిరిగి చూశాడు. వచ్చి కూర్చోలేదు, బయటికీ పోలేదు. అక్కడి నుంచే, ‘ఆకలైతే లోపలికొచ్చి తినాల్సింది నేను. నాదీ తప్పే ఉన్నది’ అన్నాడు.

ఆ మహానుభావుడు లేని లోటు ఎవరు తీర్చగలరు? ఆయన చెప్పమన్నది చెప్పాను, కానీ వినడానికి ఆయన లేరు. నిన్న ఆ ఇద్దరూ తలుపు దగ్గర నిలబడి చాలాసేపు మాట్లాడుకున్నారు. మధ్యన నేను లేను.