ఏవండీ అంటే పలికిన పెట్టె

నా ఉద్యోగ విరమణకు ఇంకా ఏడాది ఉండగా, కంపెనీ మమ్మల్ని ఇళ్ల నుంచే పనిచేయనిస్తున్న రోజుల్లో, నన్ను తెలుగు మాటపెట్టె ప్రాజెక్టుకు టెక్నికల్ లీడ్‌గా వేశారు. ఆఫీసు హైదరాబాదులో, నేను గుడివాడలో మా ఇంటి ముందుగదిలో. టెక్నికల్ లీడ్ అంటే మేనేజరుకు కింద, డెవలపర్లకు పైన. సొంతంగా కోడ్ రాసేది తక్కువ, ఇతరులు రాసినదాన్ని చూసి సరేననేది ఎక్కువ, తిట్లు తినేది ఇంకా ఎక్కువ. మా మేనేజరు మాధవి గారు. నా కింద పనిచేసేవాళ్లలో బాషా అని ఒక డెవలపరు ఉండేవాడు. బందరు మనిషి, ముప్ఫై దాటాయి, పెళ్లయింది. తెలివైనవాడు. ఆ తెలివే నాకు గిట్టేది కాదు.

మాటపెట్టె అంటే అరచేతిలో ఇమిడే స్పీకరు. వంటింట్లో పెట్టుకుని అడిగితే వాన పడుతుందో లేదో చెబుతుంది, పాట పెడుతుంది, ఫోన్ కలుపుతుంది. దాన్ని లేపడానికి ఒక పిలుపుమాట ఉండాలి. ఆ మాట వినబడేదాకా పెట్టె నిద్రపోతున్నట్టే లెక్క గానీ, చెవి మాత్రం ఎప్పుడూ తెరిచే ఉంచుకుంటుంది. మాట మరీ పొట్టిదైతే ప్రతి చప్పుడుకీ లేచి కూర్చుంటుంది, మరీ పొడుగైతే పిలిచేవాళ్లు విసుక్కుంటారు.

నేను బాగా ఆలోచించి వీడియో మీటింగులో ‘సహాయిని’ అన్నాను. ప్రభుత్వ పథకం పేరులా ఉందన్నారు మాధవి గారు. అప్పుడు బాషా మైకు తెరిచాడు.

“మా వైపు ఇళ్లలో ఆడవాళ్లు ఏవండీ అనే కదండీ పిలుస్తారు. కొత్తగా ఎవరికీ ఏం నేర్పక్కర్లేదు. అదే పెట్టేద్దాం.”

తెరంతా చప్పట్ల బొమ్మలు. నా మాటకు ఒక్క బొటనవేలు కూడా లేవలేదు. ఒళ్లు మండింది, పైకి మాత్రం చాలా బాగుందన్నాను.

తర్వాత గొంతు సంగతి వచ్చింది. స్టూడియో రికార్డింగుకు టైము పడుతుంది కాబట్టి ట్రయల్ వరకు మాలోనే ఒకరి గొంతు వాడదామన్నారు. ఏవండీ అంటే పలకాల్సింది మగగొంతే కాబట్టి మగవాళ్లమంతా నాలుగేసి వాక్యాలు చదివి పంపాం. నేను కాలేజీలో నాటకాలు వేసినవాణ్ణి, మనదే అనుకున్నాను. పేర్లు చెప్పకుండా వినిపించి ఓట్లు వేయిస్తే బాషా గొంతు నెగ్గింది. నాది వింటే రైల్వే అనౌన్స్‌మెంటులా ఉందని ఎవరో రాశారు. జంక్షను ఊళ్లో ఉంటున్నవాడికి అదేమీ తిట్టు కాదులే అని సర్దిచెప్పుకోబోయాను గానీ, మనసు ఒప్పుకోలేదు.

ఇలాంటి వస్తువును అమ్మకానికి వదిలేముందు కొన్ని ఇళ్లలో పెట్టి చూస్తారు. పెడనలో ఒక కలంకారీ అద్దకం వాళ్లింట్లో, పామిడిముక్కలలో ఒక రైతు ఇంట్లో, బందరులో బాషా ఇంట్లో, గుడివాడలో మా ఇంట్లో పెట్టాం. ట్రయల్ అయ్యాక పిలుపుమాట ఉండాలో పోవాలో తేల్చే నివేదిక రాయాల్సింది నేను.

పెట్టిన రోజే మా ఆవిడ సుజాత వంటింట్లోంచి “ఏవండీ” అంది. నేను నోరు తెరిచేలోపే పెట్టె “ఆఁ, చెప్పండీ” అంది, బాషా గొంతుతో, ఎంతో వినయంగా. సుజాత పొయ్యి కట్టేసి మరీ నవ్వింది.

“ఈ ఇంట్లో ఒక్క పిలుపుకే పలికిన మగగొంతు ఇదేనండీ.”

అక్కడి నుంచి వాళ్లిద్దరిదే రాజ్యం. వడియాలు ఎండబెట్టాలా వద్దా అని దాన్నే అడిగేది. పాత పాటలు దానిచేతే పెట్టించుకునేది. అది తప్పు చెప్పినా “పోన్లే పాపం” అనేది. నేను తప్పు చెబితే ఎన్నడూ అలా అనలేదు. నాకు కుళ్లు పుట్టింది. ఆ మాటకు కాస్త మర్యాదైన మాట వెతికాను, దొరకలేదు.

ఒకరోజు పెట్టె కంటే ముందే పలకాలని పట్టుబట్టి గుమ్మంలోనే కాచుకున్నాను. ఆమె “ఏవండీ” అనగానే “ఆఁ” అన్నాను. ఆమె వెనక్కి తిరగకుండానే “మిమ్మల్ని కాదు లెండి” అంది. ఇన్నేళ్లుగా ఆ పిలుపు నాది. నా ఇంట్లో, నా వంటింటి గుమ్మంలో, అది నాది కాకుండా పోయింది. ఎలాగైనా దాన్ని వెనక్కి తెచ్చుకోవాలనుకున్నాను.

దారి టీవీ సీరియల్ చూపించింది. అందులో కథానాయిక ఏడుస్తూ “ఏవండీ, నన్ను వదిలి వెళ్లిపోతారా” అంది. మా పెట్టె లేచి “క్షమించండి, నాకు అర్థం కాలేదు” అంది. పెడన ఇంట్లోనూ అదే గొడవ. దుప్పట్లు కొనడానికి వచ్చినవాళ్లంతా గుమ్మంలో నిలబడి “ఏవండీ” అనేవాళ్లు, లోపల పెట్టె పలికేది. మా వైపు ఆ మాట మొగుడికొక్కడికే కాదు, ఆటో అతనికీ బ్యాంకు గుమాస్తాకూ కూడా చెల్లుతుంది. పిలవకుండా లేవడాన్ని మా పనిలో తప్పుడు మేల్కొలుపు అంటారు. నేను సంతోషంగా దాన్ని బగ్‌గా, అంటే లోపంగా రాసి మొదటి స్థాయి అని గుర్తు పెట్టాను. మొదటి స్థాయి అంటే అది తేలేదాకా విడుదల ఆగిపోవాలి.

సమీక్షలో బాషా వాదిస్తాడనే అనుకున్నాను. మాధవి గారు “కారణం ఈ తప్పుడు మేల్కొలుపు ఒక్కటేనా?” అని నన్ను అడిగారు. ఒక్కటేనన్నాను. బాషా మైకు తెరిచాడు.

“తీసేద్దామండీ. మా ఇంట్లో మా ఆవిడ పిలుస్తుంటే నాకంటే ముందు నా గొంతే పలుకుతోంది. నేనొచ్చేసరికి పనైపోయిందంటోంది. నా గొంతు మీద నాకే కుళ్లుగా ఉందండీ.”

అందరూ నవ్వారు. బాషా మీద నా కోపం అక్కడితో పోయింది. పెట్టె మీద మాత్రం పోలేదు.

కొత్త పిలుపుమాట సుజాతే చెప్పింది. “పెట్టెగారూ అనండి. మర్యాదగా ఉంటుంది, ఇంట్లో ఇంకెవరికీ ఆ పేరుండదు.” నేను పంపాను, మాధవి గారు ఒప్పుకున్నారు.

మార్పు పెట్టెలోకి ఎక్కిన రోజు నేను ముందుగదిలో మీటింగులో ఉన్నాను. బయటి చప్పుడు లోపలికి రానివ్వని హెడ్‌ఫోన్లు నావి, కంపెనీ ఇచ్చినవి. ఉన్నట్టుండి ఎడమచెవి మీది డిప్ప లేచింది. సుజాత దాన్ని పట్టుకుని నిలబడి ఉంది.

“మీ పిలుపు మీకొచ్చిందిగా. ఇందాకట్నుంచీ పిలుస్తున్నాను, పెట్టె పలకట్లేదు. మీరూ పలకట్లేదు.”

మీటింగు అన్నాను.

“ఆ పెట్టె మీద మీరు నాలుగు రోజులు కుళ్లుకున్నారు. మీ కంప్యూటర్ మీద నాకు పెళ్లయినప్పట్నుంచీ అదే” అని డిప్ప మళ్లీ చెవి మీద పెట్టేసి వెళ్లింది.

నివేదికలో ఒక్క వాక్యం రాశాను: ఇంట్లో అప్పటికే ఒకరిదైన మాటను యంత్రానికి ఇవ్వరాదు. అందులో రాయనిది ఇంకొకటుంది. పిలిస్తే వినబడుతుందో లేదో ప్రతి పెట్టెకూ అమ్మేముందే పరీక్ష పెడతాం, వినకపోతే పక్కన పడేస్తాం. మొగుళ్లకు మాత్రం ఆ పరీక్ష లేదు. రిటైరయ్యేదాకా నేను ఎడమచెవి మీద హెడ్‌ఫోన్ పెట్టుకోలేదు.