‘లేదు’ గడిలో నేను పెట్టిన టిక్కు

క్రెయిగీబర్న్‌లో మా ఇంటికి దగ్గర్లోనే లైబ్రరీ ఉంది. అక్కడ అరవై దాటినవాళ్ళకి శనివారం పొద్దున ఉచితంగా క్లాసులు పెడుతున్నారని, పడిపోకుండా నడవడం ఎలాగో నేర్పుతారని పార్కులో పరిచయమైన ఒక ఆంటీ అమ్మకి చెప్పింది. అమ్మకి డెబ్భై ఒకటి. నా దగ్గరే ఉండిపోయేలా వీసాకి పెట్టాం. దానికి మెడికల్ పరీక్ష ఇంకా జరగాలి, అందులో ఆరోగ్యం బాగోలేదని తేలితే వీసా రాకపోవచ్చు.

"నేనూ వెళ్తానే. ఇంట్లో కూర్చుని కూర్చుని కాళ్ళు బిగుసుకుపోతున్నాయి" అంది అమ్మ. ఆమెకి ఇంగ్లీషు రాదు కాబట్టి పక్కన కూర్చుని చెప్పడానికి నేనూ వెళ్ళాను.

క్లాసు చెప్పేది ఒక ఫిజియో. ఆవిడకీ అరవై దాటే ఉంటాయి, కానీ నాకంటే చురుగ్గా ఉంది. ముందుగా అందరికీ ఒక ఫారం ఇచ్చింది. మూడో ప్రశ్న, గత ఏడాదిలో ఎప్పుడైనా పడ్డారా అని. అమ్మకి చదివి వినిపించాను.

"పడ్డాను కదా. మొన్న స్నానాల గదిలో..."

"అమ్మా, కాస్త ఊరుకో" అన్నాను, పక్కవాళ్ళకి వినపడకుండా. ‘లేదు’ గడిలో టిక్కు పెట్టేశాను.

అది ఉత్త లైబ్రరీ ఫారం. దానికీ వీసాకీ ఏ సంబంధమూ లేదు. కానీ పదకొండేళ్ళుగా ఈ దేశంలో ఫారాలు నింపి నింపి, ఏ పుట్టలో ఏ పాముందోనని ప్రతి కాగితానికీ భయపడటం నాకు అలవాటైపోయింది. స్టూడెంట్ వీసా మీద ఉన్న రోజుల్లో జ్వరమొచ్చినా డాక్టరు దగ్గరకి వెళ్ళేదాన్ని కాదు. అక్కడ రాసింది ఇంకెక్కడికో వెళ్తుందని మా రూమ్మేట్లందరం నమ్మేవాళ్ళం. చదువుకున్నదాన్నే, ఆఫీసులో పదిమందికి పని చెప్పేదాన్నే, అయినా ఆ మూర్ఖత్వం నన్ను వదల్లేదు.

కారులో అమ్మకి గట్టిగానే చెప్పాను. "మెడికల్ అయ్యేదాకా పడ్డానని, కళ్ళు తిరిగాయని ఎవరితోనూ అనకు. ఆ పార్కు ఆంటీతో కూడా."

అమ్మ తలూపింది. చిన్నప్పుడు ఆమె చెబితే నేను ఊపినట్టే.

క్లాసులు మాత్రం బాగుండేవి. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవడం, ఇంట్లో తివాచీల అంచులు మడతపడకుండా చూసుకోవడం, వెనక పట్టీ లేని చెప్పులు మానేయడం నేర్పారు. మూడో వారం ఫిజియో ఒక మాట చెప్పింది. పడ్డామని రాసినవాళ్ళు టీ తర్వాత ఇంకో అరగంట ఉండాలి, కింద పడితే ఎవరి సాయమూ లేకుండా ఎలా లేవాలో వాళ్ళకి విడిగా చూపిస్తానంది. కావాలంటే మిగతావాళ్ళూ ఉండొచ్చని కూడా అంది.

"ఉందామా?" అని అడిగింది అమ్మ.

"మనకెందుకు?" అన్నాను. ఉంటే అనుమానం వస్తుందని నా అతితెలివి. దారిలో కూరగాయలు కొనుక్కుని ఇంటికొచ్చేశాం.

తర్వాత పది రోజులకి, ఒక మంగళవారం మధ్యాహ్నం ఆఫీసు నుంచి త్వరగా వచ్చాను. అమ్మ లాండ్రీ గదిలో, వాషింగ్ మెషీన్ పక్కన నేల మీద పడి ఉంది. ఎడమ మణికట్టు వాచిపోయింది. ఫోను వంటింట్లో ఉండిపోయింది. పొద్దున తొమ్మిదిన్నరకి పడిందట, నేను వచ్చేసరికి రెండు దాటింది. లేవడానికి చాలాసార్లు ప్రయత్నించి, చేతకాక అలాగే ఉండిపోయింది. చీర తడిసిపోయి ఉంది. నన్ను చూడగానే ఆమె అన్న మొదటి మాట, "కంగారుపడకే, మెడికల్ లోపు తగ్గిపోతుంది."

అమ్మ పక్కన ఆ చల్లటి టైల్స్ మీదే కూర్చుని అంబులెన్సుకి ఫోన్ చేశాను.

ఆసుపత్రిలో నర్సు ఫోన్ స్పీకర్లో ఒక తెలుగు అనువాదకురాలిని కలిపింది. ఇంటివాళ్ళు కాకుండా బయటివాళ్ళు అడిగితేనే మంచిదట. ఎందుకో నాకు చెప్పక్కర్లేదు. "అంతకుముందు ఎప్పుడైనా పడ్డారా అమ్మా?" అని ఆ గొంతు మెల్లగా అడిగింది.

అమ్మ నా వైపు చూసింది. "లేదమ్మా, ఇదే మొదలు" అంది.

ఎంత బాగా అబద్ధమాడిందో. సిగ్గుతో చచ్చిపోయాను. "నిజం చెప్పమ్మా. వీసా పోతే పోయింది. ఆ స్నానాల గది సంగతి చెప్పు" అన్నాను.

అమ్మ దుప్పటి అంచు సరిచేసుకుంది. తర్వాత ఫోను వైపే చూస్తూ, "ఇది నాలుగోసారి" అంది.

ఇవాళ్టిది కాక నాకు తెలిసింది స్నానాల గదిలో పడ్డది ఒక్కటే. మిగతా రెండుసార్లు ఎప్పుడని అడిగాను.

"నువ్వు ఎవరితోనూ అనకు అన్నావు కదే, ఆ తర్వాత" అంది అమ్మ.