పాలిచ్చిన తల్లికి వీసా

ఫ్నిదెక్‌లో ఏ డాబా ఎక్కినా సెబ్తా కనిపిస్తుంది. మధ్యలో ఒక కంచె, కంచె అవతల స్పెయిన్ జెండా, సముద్రానికి ఇవతలే ఉన్నా ఆ ఊరు స్పెయిన్‌ది. రిమో వయసంతా ఆ కంచె గేటు దగ్గరే గడిచింది. పొద్దున్నే అటు వెళ్లి, మధ్యాహ్నానికి వీపు మీద తన బరువంత సరుకు మూట మోసుకుని ఇటు వచ్చేది. ఆ చుట్టుపక్కల ఊళ్లవాళ్లకి అప్పట్లో వీసా అక్కర్లేదు, పాస్‌పోర్టు అట్ట చూపిస్తే పోలీసు చెయ్యి ఊపేవాడు. కరోనా వచ్చింది, గేటుకి తాళం పడింది, ఏడాది దాటినా తీసినవాడు లేడు. ఇప్పుడు ఎదురుగా కనపడే ఊరికి వెళ్లాలంటే వీసా తెచ్చుకుని, టాంజీర్‌లో విమానం ఎక్కి, సముద్రం దాటి అసలు స్పెయిన్ గడ్డ మీద మాలగాలో దిగి, మళ్లీ పడవెక్కి అదే సముద్రం మీద వెనక్కి రావాలి.

"పక్కింటికెళ్లడానికి ఊరంతా చుట్టి రావాలట. ఈ తెలివి ఎవడిదో ఒక్కసారి నాకు చూపించండి చాలు" అనేది రిమో. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ చెయ్యి కాలి చెప్పు వైపు వెళ్లేది.

ఆవిడ వెళ్లాల్సింది గిజ్లాన్ దగ్గరికి. గిజ్లాన్ కాపురం సెబ్తాలో. రెండుసార్లు కడుపు పోయి, ఇక లేదనుకున్నాక నిలిచిన గర్భం. ఎనిమిదో నెలలో రక్తపోటు పెరిగి, కాళ్లు వాచి, ఆస్పత్రిలో పడుకోబెట్టారు. మొగుడు ఓడరేవులో కాపలా మనిషి, సెలవు దొరకదు. ఆస్పత్రివాళ్లేమో తోడుకి ఒక్క మనిషినే రానిస్తామన్నారు, ఆ మనిషి మారకూడదన్నారు. "అమ్మా, నాకు భయంగా ఉందే. నువ్వు రావే" అని గిజ్లాన్ ఫోన్లో ఏడ్చింది.

"వస్తున్నా" అంది రిమో. ఎలా వస్తుందో అప్పటికి ఆవిడకీ తెలీదు.

గిజ్లాన్‌ని కన్నది రిమో కాదు, పక్కింటి సుఆద్. కాన్పయిన మూడో రోజునే సుఆద్‌కి జ్వరం తగిలి పాలు ఎండిపోయాయి. అప్పటికి రిమో ఒళ్లో నెలల కొడుకు మునీర్ ఉన్నాడు. పక్కింట్లో పిల్ల గుక్క పెడుతుంటే వినలేక వెళ్లి, "ఇటివ్వవే" అని లాక్కుని రెండో రొమ్ము అందించింది. ఆ ఏడాదంతా ఇద్దరూ ఆవిడ పాలే తాగారు. పాలు తాగిన బిడ్డ ఆ తల్లికి బిడ్డే, ఆవిడ పిల్లలకి తోబుట్టువే, వాళ్ల మధ్య పెళ్లి అన్న మాటే ఉండదు. ఫ్నిదెక్‌లో ఇది ఒకరికొకరు చెప్పుకునే సంగతి కాదు. ఉప్పు ఉప్పగా ఉంటుందని ఎవరూ చెప్పరు కదా.

అయితే ఊరికి తెలిసిందల్లా మనసుకి తెలియాలని లేదు. ఇరవై దాటాక మునీర్‌కి గిజ్లాన్ మీద మనసు పడింది, గిజ్లాన్‌కీ అంతే. సుఆద్‌కి అల్లుడంటే మునీరే కావాలి. ఆవిడ మంగలి హమూని రాయబారం పంపింది. హమూ రిమో ఇంట్లో టీ తాగి, గ్లాసు కింద పెట్టి, "ఎప్పటి పాలు తల్లీ అవి? ఏవో నాలుగు చుక్కలు. ఎవరికి గుర్తున్నాయి గనక! నువ్వు మర్చిపోతే ఊరూ మర్చిపోతుంది" అన్నాడు. రిమో చెప్పు తీసింది. హమూ వీధి మలుపు దాకా పరుగు తీశాడు.

మునీర్ ఆ చలికాలమంతా తల్లితో మాట్లాడలేదు. గిజ్లాన్ సెబ్తా సంబంధం ఒప్పుకుని వెళ్లిపోయింది. తర్వాత మునీర్ టాక్సీ తెచ్చుకున్నాడు, పెళ్లి చేసుకున్నాడు, తల్లిని బాగానే చూసుకుంటున్నాడు. కానీ గిజ్లాన్ ఊసు వస్తే "ఆ సుఆద్ కూతురు" అనేవాడు తప్ప పేరు నోట పలికేవాడు కాదు. చెల్లెలని అసలే అనేవాడు కాదు. సుఆద్ కరోనా మొదటి విడతలోనే పోయింది.

తెతువాన్‌లో వీసా ఆఫీసు. అద్దం వెనక మాస్కు పెట్టుకున్న అమ్మాయి.

"ఎవరి దగ్గరికి పిన్నీ?"

"కూతురి దగ్గరికి. పురుడు పొయ్యడానికి."

అమ్మాయి కాగితాలు తిప్పింది. "గిజ్లాన్ తల్లి సుఆద్ అని ఉందే ఇక్కడ. చనిపోయినట్టు కూడా ఉంది."

"కన్నది ఆవిడ. పాలిచ్చింది నేను."

"ఆ గడి లేదు పిన్నీ. భార్య, భర్త, తల్లి, తండ్రి, పిల్లలు. ఈ ఆంక్షలున్నన్నాళ్లు వాళ్లనే వదులుతున్నారు. లేదంటే పని మీద వెళ్లేవాళ్లని."

"నువ్వెవరి పాలు తాగావే?"

"మా అమ్మవి."

"మీ అమ్మకి గడి ఉంది. మరి నాకెందుకు లేదు? నా పాలేమన్నా పొడి పాలా?"

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. అమ్మాయికీ నవ్వొచ్చినట్టుంది, మాస్కు వల్ల తెలీలేదు. "తల్లి" అనే రాసి పంపింది. పాస్‌పోర్టు గిర్రున తిరిగొచ్చింది, బంధుత్వం రుజువు కాలేదన్న ముక్కతో.

ఆఫీసు బయట బల్ల వేసుకుని జనానికి కాగితాలు నింపిపెట్టే షుఐబ్ అనేవాడున్నాడు. పెద్ద లోకజ్ఞుడు. "దీనికింత రభస ఎందుకత్తా?" అన్నాడు. "గిజ్లాన్ మొగుడు నిన్ను పనిమనిషిగా పెట్టుకున్నట్టు ఒప్పందం రాయించు. మంచాన పడ్డవాళ్లని చూసుకునే పనివాళ్లని ఆపట్లేదు. లోపలికి వెళ్లాక నువ్వు తల్లివో తాతమ్మవో ఎవడడుగుతాడు?"

మునీర్‌కి ఆ మాట నచ్చింది. తిరుగుదారిలో టాక్సీలో అదే ఎత్తాడు. "ఒక్క వేలిముద్రేగా అమ్మా. అక్కడ సుఆద్ కూతురు ఒక్కతీ..."

"బండి పక్కకి తియ్" అంది రిమో.

సముద్రం ఒడ్డున రోడ్డు వారగా ఆపాడు.

"నేను దాని ఇంటికి పనిమనిషినని వేలేస్తే ఆ పాలు ఉత్తి పాలని ఒప్పుకున్నట్టే కదరా. ఉత్తి పాలే అయితే నీకూ దానికీ పెళ్లెందుకు ఆపాను? నిన్నెందుకు ఏడిపించాను? నువ్వు అన్నం మానేసి పడుకుంటే తలుపు అవతల నేనూ అన్నం మానేసి కూర్చున్నాను, ఎందుకు? ఇప్పుడు వీసా కోసం అది ఏమీ కాదంటే, నీ దగ్గర లాక్కున్నదంతా నీకు తిరిగిచ్చి అప్పుడు అనాలి. ఎక్కణ్ణించి తెచ్చివ్వను?"

ఇన్నేళ్లలో తల్లి ఆ సంగతి నోరు తెరిచి అనడం అదే మొదలు. కిటికీలోంచి ఉప్పుగాలి కొడుతోంది.

"మరేం చేద్దామంటావు?" అన్నాడు మునీర్.

"పన్నెండుమందిని పోగు చేద్దాం."

కాగితం లేని నిజానికి కాగితం పుట్టించాలంటే అక్కడ అదే దారి. పన్నెండుమంది మనుషులు అదూల్ ముందు, అంటే సాక్ష్యాలు రాసుకునే నోటరీ ముందు నిలబడి, ఇది మాకు మొదట్నించీ తెలుసు అని చెప్పాలి. ఆయన రాసుకుంటాడు, జడ్జి ముద్ర వేస్తాడు. మామూలు రోజుల్లో ఇది ఒక పూట పని. కరోనా రోజుల్లో పదిమంది ఒకచోట చేరితే పోలీసులొస్తున్నారు. పైగా ఆ పాత సంగతి తెలిసిన ముసలివాళ్లు సగంమంది ఆ ఏడాదే మట్టిలో కలిసిపోయారు. రిమో ఇల్లిల్లూ తిరిగింది. చెవుడొచ్చిన జాలరిని లాక్కొచ్చింది, మంచం దిగని రొట్టెలవాణ్ణి టాక్సీ ఎక్కించింది. పదకొండు మంది తేలారు. ఇంకొకడు కావాలి.

ఆ ఒక్కడూ ఎవరో ఆవిడకి తెలుసు. కొంగు బిగించుకుని మంగలి కొట్టుకి వెళ్లింది.

హమూ ఎవరి గడ్డమో గీస్తూ అద్దంలో ఆవిణ్ణి చూసి కత్తి ఆపాడు. పదకొండేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు.

"సాక్ష్యం చెప్పాలి" అంది రిమో.

"చెప్పు తెచ్చావా?"

"కాళ్లకే ఉంది. అవసరమైతే తీస్తాను."

"అయితే రాక తప్పదు" అన్నాడు హమూ.

అదూల్ తన చిన్న గదిలోకి అందరినీ రానివ్వలేక గుమ్మంలోనే కుర్చీ వేసుకున్నాడు. సాక్షులు గోడ వెంట ఎడం ఎడంగా నిలబడ్డారు. వీధిలో పోతున్న పోలీసొకడు ఆగి, "ఏంటీ గుంపు?" అని గద్దించాడు.

"గుంపు కాదు నాయనా, వరస. నమ్మకపోతే కొలుచుకో" అంది రిమో.

ఒక్కొక్కరూ చెప్పారు. చివర్న హమూ వంతు. "అయ్యా, ఆ పాల సంగతి మర్చిపొమ్మని చెప్పడానికి నేనే ఈవిడింటికి వెళ్లాను. చెప్పుచ్చుకుని తరిమింది. ఇదిగో ఇక్కడ తగిలింది, వానాకాలం ఇప్పటికీ సలుపుతుంది. ఇవ్వని పాలకి ఎవరన్నా ఇంత దెబ్బ కొడతారా?" అన్నాడు వీపు చూపించి. అదూల్ గడ్డం మాస్కు కింద కదిలిపోయింది. వరసంతా నవ్వింది. మునీర్ ఒక్కడే నవ్వలేదు. దూరంగా టాక్సీకి ఆనుకుని వింటున్నాడు.

ముద్ర పడేసరికి గిజ్లాన్ గొంతు ఫోన్లో మరీ సన్నబడింది. రక్తపోటు దిగట్లేదట, నెలలు నిండేదాకా ఆగకుండా కడుపు కోసి బిడ్డని తీస్తామంటున్నారట. "నువ్వొచ్చేదాకా ఆగమన్నానమ్మా, ఆగరట" అంది. రిమో ఆ పూట ఎవరి మీదా అరవలేదు. అరవకపోవడం చూసి మునీర్‌కి భయం వేసింది.

మళ్లీ అదే అద్దం, అదే అమ్మాయి. పన్నెండుమంది సాక్ష్యం మొదటినుంచి చివరిదాకా చదివింది. చదివి, గొంతు తగ్గించి మాట్లాడింది.

"పిన్నీ, నేను నమ్ముతాను. మా అమ్మమ్మ కూడా వీధిలో నలుగురికి పాలిచ్చింది. కానీ అవతల చూసేవాళ్లకి ఈ కాగితం అర్థం కాదు. ఇంకోసారి తిరిగొచ్చిందంటే ఆ అమ్మాయికి కానుపైపోతుంది. పని ఒప్పందం ఉంటే ఇవ్వండి, పనిమనిషి అని పెడతాను. రెండ్రోజుల్లో వచ్చేస్తుంది. మాటదేముంది, మనిషి ముఖ్యం కదా."

ఇంతకుముందు కాదన్నవాళ్లందరి మీదా రిమో లేచింది. ఈ పిల్ల మీద లేవలేకపోయింది, మంచికే చెబుతోంది గనక. బల్ల అంచు పట్టుకుని నిలబడింది. ఆస్పత్రి మంచం మీద ఒక్కతీ పడుకున్న పిల్ల కళ్లలో మెదిలింది. గట్టిదనమంతా కరిగిపోయింది.

"సరే" అంది. "రాసుకో తల్లీ. పనిమనిషనే రాసుకో. ఆ ఒప్పందం తెప్పించి..."

"తెప్పించక్కర్లేదు" అన్నాడు మునీర్. చొక్కా జేబులోంచి మడత కాగితం తీశాడు. గిజ్లాన్ మొగుడి సంతకంతో ఒప్పందం. తల్లికి చెప్పకుండా ఎప్పుడో తెప్పించి దగ్గర పెట్టుకున్నాడు. రిమో చెయ్యి చాచింది. మునీర్ ఇవ్వలేదు. నిలువుగా చింపాడు, మళ్లీ అడ్డంగా చింపాడు.

"ఏం పనిరా ఇది!" అంది రిమో.

"నువ్వుండమ్మా." అద్దం దగ్గరికి వంగాడు. "చూడమ్మా, నేను ఈవిడ కొడుకుని. గిజ్లాన్ నా చెల్లెలు. చెల్లెలు కాకపోతే పదకొండేళ్ల కిందటే దాన్ని పెళ్లి చేసుకునేవాణ్ణి, అడుగు, ఊరంతా చెబుతుంది. చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదో నువ్వు చదివిన ఆ కాగితంలో ఉంది. దానికి నేను కట్టాల్సింది కట్టేశాను. ఇప్పుడు వచ్చి అది అబద్ధమంటే నేనొప్పుకోను. తల్లి అని రాయి. తిరిగొస్తే మళ్లీ వస్తాం. మళ్లీ తల్లి అనే రాస్తాం. మీ ముద్ర అరిగిపోవాలి గానీ మా మాట మారదు."

అమ్మాయి తల్లీకొడుకులని మార్చి మార్చి చూసింది. తర్వాత "తల్లి" అని కొట్టింది. అది చాలదన్నట్టు ఒక తెల్లకాగితం తీసుకుని, ఆ దేశపు భాషలో నింపాదిగా ఏదో నిండా రాసి, సాక్ష్యం పైన పెట్టి గుచ్చింది. ఏం రాసిందో ఎవరికీ చెప్పలేదు.

అవతల ఎవరు చదివారో, చదివి ఏమనుకున్నారో కూడా తెలీదు. వీసా వచ్చింది.

రిమో ముక్కులో పుల్ల పెట్టించుకుంది, టీకా కార్డు మెడలో కట్టుకుంది, బాలింతకి ర్ఫిస్సా వండిపెట్టాలని మెంతులూ ఎండబెట్టిన రొట్టెముక్కలూ సంచీకెత్తుకుంది. విమానంలో ఏడుపొచ్చింది గానీ పక్కవాళ్లకి కరోనా అనిపిస్తుందని ఆపుకుంది. పడవ దిగి ఆస్పత్రి చేరేసరికి గిజ్లాన్‌ని కోత గదికి తీసుకెళ్తున్నారు. తోడు మనిషి ఎవరని నర్సు అడిగితే, చక్రాల మంచం మీంచి గిజ్లానే తలెత్తి, "మా అమ్మ" అంది.

మర్నాడు ఫ్నిదెక్ టాక్సీ స్టాండులో మునీర్ ఫోన్ మోగింది. తెరంతా తల్లి నుదురే కనిపించింది, తర్వాత ఆస్పత్రి పైకప్పు, తర్వాత ఒక ఎర్రటి చిన్న మొహం, ప్రపంచమంతటి మీదా కోపంగా.

"చూడవే, అదుగో నీ మేనమామ" అంటోంది రిమో గొంతు.

వెనక మంచం మీంచి నీరసంగా ఇంకో గొంతు వచ్చింది. "ఎలా ఉందన్నయ్యా?"

మునీర్ ఫోన్ కళ్ల దగ్గరికి తెచ్చుకున్నాడు. "నీలాగే ఉంది చెల్లీ. నోరు మాత్రం అమ్మది" అన్నాడు.

వెనక సీట్లో మాస్కు పెట్టుకున్న పెద్దాయన ముందుకి వంగి, "ఎవరు బాబూ?" అన్నాడు.

"మా చెల్లెలి కూతురు" అన్నాడు మునీర్. బండి స్టార్ట్ చేసి, గేరు వేసి, రోడ్డెక్కాక, ఎవరూ అడక్కుండానే మళ్లీ అన్నాడు, "నా మేనకోడలు."