మూడు దెబ్బలు

మా బాబాయి జలవిద్యుత్ కేంద్రంలో ఫిట్టరు. అక్కడ అందరికీ కూడా బాబాయే. టర్బైను మరమ్మతు ముగిసి, లోపలికి దిగినవాళ్లంతా బయటికొచ్చాక, ఇనుప తలుపు బిగించే ముందు స్పానరుతో, మనిషి దూరేంత నీటి గొట్టం మీద మూడు దెబ్బలు కొట్టేవాడు. లోపల ఎవరైనా మిగిలిపోతే తిరిగి కొడతారని. అరచెయ్యి ఇనుముకి ఆనించి, ఊపిరి బిగబట్టి వినేవాడు. ఇంట్లో బీరువా మూసేటప్పుడూ అంతే. పిన్ని తల కొట్టుకునేది.

"లోపల మీ అత్తగారున్నారా బాబాయ్? కానివ్వు, ఊరంతా కరెంటు కోసం కాచుక్కూచుంది" అని ఇంజనీరు వేళాకోళమాడేవాడు.

"నీళ్లు వదిలాక వింటే ఏం లాభం సార్" అనేవాడు బాబాయి.

ముప్పై ఏళ్లలో ఒక్కసారీ జవాబు రాలేదు.

ఆయన పోయిన నెలకి మళ్లీ మరమ్మతు పడింది. ఈసారి ఆ మూడు దెబ్బలూ ఇంజనీరే కొట్టాడట. లోపలినుంచి నిదానంగా మూడు దెబ్బలు వినిపించాయి. మనుషుల్ని రెండుసార్లు లెక్కపెట్టారు, ఒక్కరూ తగ్గలేదు. టార్చి వేసి చూస్తే తడి ఇనుము తప్ప ఏమీ లేదు. అప్పుడు ఇంజనీరు తలుపులోకి వంగి, "బయటికి రా బాబాయ్, నీళ్లు వదలాలి" అని మెల్లగా పిలిచి, ఒక మనిషి పాక్కుంటూ బయటికి రావడానికి పట్టేంతసేపు, దారి వదిలి పక్కన నిలబడ్డాడట.