గెలిచినవాళ్ళకు పాత పేరు

"...డారెల్ మగాడు పెద్దమ్మా. నేను ఆడదాన్ని. కనీసం అదైనా చూసుకోవాలి కదా."

"చూసుకున్నాను. సూప్ చల్లారిపోతోంది, తిను డారెల్."

ఆ మాట పడుతున్నావిడ రాష్ట్ర సభలో మా సెనేటరు కార్లా మోయెన్. అంటున్నది మా అమ్మకు అక్క, అల్వీనా. నార్త్ డకోటాలో, రైలు పట్టాల పక్క గోధుమల గోదాము ఉన్నన్నాళ్ళూ దాని ఎదురుగా మా పెద్దమ్మ కెఫే ఉండేది. వంటింట్లో సాయం నేను. నన్ను చూసి ఊరంతా ఆమెను పెద్దమ్మనే అనేవారు. ఆవిడకున్న తిక్కల్లా ఒకటే: పదవిలో ఉన్న సెనేటర్ని, అంతకుముందు సెనేటరు పేరుతో పిలవడం. మరుపనుకునేరు. ముప్ఫై ఏళ్ళ కిందట ఎవరి పెళ్ళిలో ఎవరు ఎందుకు అలిగారో ఆమెకు నిన్నటి సంగతే.

మా నియోజకవర్గం చరిత్రంతా ఆ కెఫేలో తప్పు పేర్లతోనే నడిచింది. నాకు తెలిసిన మొదటి సెనేటరు రైన్‌హోల్డ్ వెంట్జ్. సభలో నిద్రపోతాడని పేరు. మా ఊరి రోడ్డు సంగతి వచ్చినప్పుడు మాత్రం ఎవరూ లేపకుండానే లేచాడట, తారు రోడ్డు వచ్చింది. ఆయన్ని బీమా ఏజెంటు లీఫ్ బ్రెకస్ ఓడించాడు. గెలిచి కెఫేలో అడుగు పెట్టాడో లేదో, "రా రైన్‌హోల్డ్" అంది పెద్దమ్మ. పదవి ఉన్నన్నాళ్ళూ లీఫ్ అదే పేరుకు పలికాడు. ఒకసారి పంతం పట్టి, తన పేరు పెద్ద అక్షరాలతో ఉన్న బిళ్ళ చొక్కాకు తగిలించుకుని వచ్చాడు. పెద్దమ్మ కళ్ళజోడు పెట్టుకుని, దగ్గరికి వంగి, అక్షరం అక్షరం చదివింది.

"బిళ్ళ బాగుంది రైన్‌హోల్డ్."

గవర్నరు వచ్చిన రోజున లీఫ్ బతిమాలుకున్నాడు, ఈ ఒక్క పూటకీ అసలు పేరు పిలవమని. పెద్దమ్మ సరేనని తలూపింది. తీరా గవర్నరు లోపలికి రాగానే, "మా సెనేటరు రైన్‌హోల్డ్" అంటూ లీఫ్‌ని చూపించింది. పక్క బల్ల దగ్గర పెద్దమ్మ చేసిన కూహెన్ కేకు తింటున్న అసలు రైన్‌హోల్డ్ మూతి తుడుచుకుని లేచి, చెయ్యి కలిపి, వంతెన మరమ్మతు గురించి అరగంట మాట్లాడాడు. లీఫ్ వాళ్ళిద్దరికీ కాఫీ అందించాడు. వంతెన బాగుపడింది.

తర్వాత లీఫ్ ఓడిపోయాడు. గెలిచింది బడిపంతులు డారెల్ వెచ్. మర్నాడు పొద్దున లీఫ్ కెఫేకొచ్చే సరికి అందరం పళ్ళేల్లోకి చూస్తున్నాం. ఉన్నదే కొద్దిమందిమి, ఓటు వెయ్యనివాళ్ళెవరో అతనికి తెలుసు, అతనికి తెలుసని వాళ్ళకూ తెలుసు. ఇల్లు అమ్మేసి అరిజోనా పోతానని ముందు రోజే భార్యతో అన్నాడట. పెద్దమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి కుర్చీ జరిపింది.

"రండి సెనేటర్ లీఫ్ బ్రెకస్ గారూ. కూర్చోండి."

అతను కూర్చున్నాడు. కాసేపటికి డారెల్ అందరి అభినందనలూ అందుకుంటూ కౌంటరు దాకా వచ్చాడు. "ఏం లీఫ్, కాఫీయేనా?" అంది పెద్దమ్మ అతనితో. డారెల్ వెనక్కి తిరిగి చూశాడు. అసలు లీఫ్ చెంచా పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు, ఆపలేకపోయాడు. అరిజోనా ఊసు మళ్ళీ ఎత్తలేదు.

డారెల్ మాత్రం అలిగి కొన్నాళ్ళు పెట్రోలు బంకులో కాఫీ తాగాడు. అక్కడ కూహెన్ దొరకదు, తిరిగొచ్చాడు. కార్లా చేతిలో ఓడిన మర్నాడు తన పేరు తను విని కళ్ళు తుడుచుకున్నదీ అతనే. ఎందుకిలా పిలుస్తావని ఒకసారి అడిగాను. పెద్దమ్మ పిండి ఒత్తడం ఆపలేదు. "గెలిచినవాడి పేరు అందరూ పిలుస్తారు. నేనొకత్తిని తగ్గితే ఏం పోయింది" అంది.

ఆ తర్వాత జనాభా లెక్కలొచ్చాయి. బడి మూతపడింది, గోదాము మూతపడింది, మా తలలు చాల్లేదు. మా నియోజకవర్గాన్ని తీసుకెళ్ళి దక్షిణాది పట్నపు నియోజకవర్గంలో కలిపేశారు. ఇద్దరు సెనేటర్లకు ఒకటే కుర్చీ మిగిలింది. పట్నపాయన గ్రెగ్ హావ్లాండ్ గెలిచాడు. ఎన్నికలకు ముందే మా ఊరికి రాలేదు ఆయన. ఇక వస్తాడని ఎవరమూ అనుకోలేదు.

"రండి సెనేటర్ కార్లా మోయెన్ గారూ."

ఓడిన మర్నాడు పెద్దమ్మ జరిపిన కుర్చీలో కార్లా కూర్చుంది కానీ చెంచా ముట్టుకోలేదు. కిటికీ దగ్గర లీఫ్, డారెల్ పేకాడుకుంటున్నారు. వాళ్ళకేసి చూసి చాలా నెమ్మదిగా అంది. "ఆయన పేరుతో ఈయన్ని పిలిచావు. ఈయన పేరుతో నన్ను పిలిచావు. నా పేరుతో ఎవర్ని పిలుస్తావు పెద్దమ్మా? ఆ గ్రెగ్ ఈ గుమ్మం తొక్కడు. నా తర్వాత ఈ కుర్చీయే లేదు."

డారెల్ ముక్కలు బోర్లా పెట్టాడు. పెద్దమ్మ వంటింట్లోకి వచ్చింది. సూప్ కింద మంట తగ్గించింది. పెదనాన్న పోయినప్పుడు కూడా రెండోపూటకి కెఫే తెరిచిన మనిషి. కౌంటీ దాటి ఎప్పుడు వెళ్ళిందో నాకు గుర్తు లేదు.

"సభ జనవరిలోనేగా?" అంది.

అవునన్నాను.

"ఆ హావ్లాండ్ కూర్చునేది రాజధానిలో, బిస్మార్క్‌లోనేనా?"

అవునన్నాను. మూడు గంటల దారి, పైగా మంచు అన్నాను.

ఆమె ఏప్రాన్ విప్పి నా చేతిలో పెట్టి, కార్లాకు కూడా వినపడేలా చెప్పింది.

"జనవరిలో కెఫే నువ్వు చూసుకో. నేను బిస్మార్క్ వెళ్తున్నాను."